తన తలుపు తనే వేసుకునే గాలి

నా పెళ్లయిన కొత్తలో, ఎనభైల నాటి ఎండాకాలం. వనపర్తిలో మా అత్తగారిది గోలీసోడా దుకాణం. గద్వాల మగ్గాల ఇంట్లో పెరిగిన నేను సోడా మిషన్ చూడటం అదే మొదలు. అత్తమ్మ నీళ్లు నింపిన సీసాలను ఇనుప పెట్టెలో బిగించి, గ్యాస్ వదిలి, చక్రం తిప్పుతోంది. సీసాలు తలకిందులుగా తిరుగుతున్నాయి. ఢామ్మని లోపల ఒకటి పేలింది! కెవ్వున అరిచి బజార్లోకి ఉరికాను. సోడా కోసం నిలబడ్డవాళ్లంతా ఒకటే నవ్వు.

"సీస పలిగింది, గంతే. ఇటు రా బిడ్డా," అంటూ అత్తమ్మ మంచి సీసా ఒకటి చేతికిచ్చింది. మూతి దగ్గర గోలీ కదలకుండా నిలిచి ఉంది.

"దీన్ని ఎవరు పట్టుకున్నరత్తమ్మా?"

"లోపలి గాలే. బయటికి ఉరుకుదామని గోలీని నూకి, తన తలుపు తనే ఏసుకుంటది."

సిగ్గు మరిచి, సీసాను ఎండకు ఎత్తి చూస్తూ ఉండిపోయాను. తర్వాత నా చేతులతో గోలీని లోపలికి నొక్కి ఎన్నో సోడాలు కొట్టాను. ఆ ఒక్క తలుపు తెరవడానికి మాత్రం ఆ రోజు మనసొప్పలేదు.