పుట్ ఆఫ్‌తో ఒక సొంత వాక్యం

రోజూ పొద్దున్న ఆరూ పదికి మా అప్ప ఫోనులో ఒక ఇంగ్లీషు వాక్యం పంపేది. అక్కని మేం అప్ప అనే పిలుస్తాం. సముద్రం పక్క పల్లెలో అంగన్‌వాడీ నడిపేది. పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పాలని పైనుంచి చెప్పారట. నేను టెక్కలిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను.

"ఊరందరికీ సెప్తన్నావు, నాకు సెప్పనేవేటి?" అంది.

అలా మొదలైంది. ఆదివారం సాయంత్రం నేనొక మాట పంపాలి. వారమంతా రోజూ తెల్లారాక దానితో ఆమె ఒక వాక్యం రాయాలి. నా షరతు ఒక్కటే. పుస్తకంలోది వద్దు, ఇంట్లోనో ఊళ్ళోనో నిజంగా జరిగినది రాయాలి.

ఒక వారం మాట పుట్ ఆఫ్. వాయిదా వెయ్యడం. మొదటిరోజు, 'ది సీ ఈజ్ రఫ్, దే పుట్ ఆఫ్ ఫిషింగ్' అని రాసింది. సముద్రం బాగోలేక ఎవరూ వేటకి వెళ్ళలేదు. రెండోరోజు బోరు బాగుచేయించడం వాయిదా పడింది. మూడోరోజు ఆరూ పదికి వచ్చినది ఇది: 'ఐ పుట్ ఆఫ్ మై బ్లడ్ టెస్ట్ టిల్ ది క్యాష్యూ ఈజ్ ఓవర్.' జీడిపని అయ్యేదాకా తన రక్తపరీక్ష వాయిదా వేసుకుందట.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో రక్తపరీక్ష అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. మా బావ, అప్ప భర్త, కిడ్నీలు పాడయ్యే పోయాడు. మా వైపు కుశలం అడిగినట్టే రక్తంలో క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. అయినా నేను వాక్యాన్నే చూశాను. అందులో తప్పు లేదు. 'వెరీ గుడ్' అని పంపి స్నానానికి వెళ్ళాను.

జీడిపని అయిపోయింది. ఆమె వెళ్ళలేదు. నేను అడగలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు కాశీబుగ్గ బజారులో కలిసింది. చెప్పుల దుకాణంలో, "ఇంకో సైజు పెద్దది సూపించు బావు" అంటోంది. కాళ్ళు చూశాను. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"పరీక్ష చేయించుకున్నావా అప్పా?"

"సేయిత్తే జబ్బు ఉన్నాదంటారు. సేయించకపోతే నేదు. నేకుండానే బాగుందిరా నాకు."

అక్కణ్ణుంచే పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు రిపోర్టు చూసి, నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే మందులతో కొంతకాలం నెట్టుకొచ్చేవాళ్ళం అన్నాడు. ఎన్ని నెలలైందో నేను గుర్తు చేసుకోనక్కరలేదు. ఫోనులో తేదీ ఉంది.

వారానికి రెండుసార్లు డయాలసిస్. నాలుగు గంటలూ పక్కన కూర్చునేవాణ్ణి.

"ఏటి మాస్టారూ, ఇయ్యాల పాటం నేదా?" అనేది. ఒకసారి ఉండబట్టలేక, నువ్వు రాసిన రోజే నేను బయల్దేరి రావలసింది అన్నాను.

ఆమె నవ్వింది. "నాను రాసినాను గదా. నువ్వు ఎరీ గుడ్డన్నావు. మాస్టారే గుడ్డంతే నానెందుకెల్తాను?"

పక్క మంచం మీద ఆవిడ కూడా నవ్వింది. తమ్ముణ్ణి ఏడిపించడం అప్పకి చిన్నప్పటి అలవాటు. ఆమె నన్ను ఎప్పుడూ తప్పుపట్టలేదు. పట్టి ఉంటే నేనేదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఏడాది తిరక్కుండానే పోయింది. ముందే తెలిసినా బావకి ఏమైందో చూశాం కదా అని ఇంట్లోవాళ్ళు అంటారు. నిజమే కావచ్చు. ఆ నిజంతో నాకేమీ తగ్గలేదు.

పరీక్ష వాయిదా వేసుకున్న సంగతి ఆమె ఇంకెవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది. నాతో తెలుగులో చెబితే తిట్టి ఉండేవాణ్ణి, అందుకని ఇంగ్లీషులో చెప్పిందేమో. లేదా పాఠం కోసమే రాసిందేమో. ఆమె ఉండగా అడిగే ధైర్యం నాకు చాలలేదు.

కాలేజీలో పుట్ ఆఫ్ ఉన్న పాఠం ఏటా వస్తుంది. పుస్తకంలో ఉన్న వాక్యాలే బోర్డు మీద రాస్తాను, పిల్లలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. సొంత వాక్యాలు రాసుకురమ్మని ఇప్పుడు అడగడం లేదు.