తాత రుమాల మీద నల్ల చుక్కలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద ఒక వెదురు బుట్టకు జరిగేది. మక్తల్ అవతల చిన్న పల్లెలో మాది పాములు ఆడించుకుని బతికే ఇల్లు. ఆ బుట్టను మా తాతకు వాళ్ళ నాయిన ఇచ్చాడు. ప్రతి అమావాస్యకూ తాత దాన్ని పేడతో అలికి, ఆరాక పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకునేవాడు. ఆడుకుంటూ మేమెవరమైనా దానికి కాలు తగిలిస్తే మా వీపులు మోగేవి.

పామును పట్టి ఇంట్లో ఉంచుకోవడానికి ఇప్పుడు చట్టం ఒప్పదు. అదే మంచిది. అప్పుడు మాత్రం మాకు అదే బువ్వ. అయినా తాతకు ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలంలో పట్టిన నాగును నాగుల పంచమి కాగానే, పట్టిన గుట్ట దగ్గరికే తీసుకుపోయి ప్రాణంతో వదలాలి. పట్టేటప్పుడే దానికి ఒట్టు వేసి చెప్పేవాడు. పాము తన చేతిలో చస్తే ఇక జన్మలో పామును ముట్టనని కూడా ఆ ఒట్టులోనే ఉండేది.

ఆ ఏడు పట్టిన నాగు గోధుమ వన్నెలో నిగనిగలాడేది. నాకు దానిమీద ప్రాణం. పంచమి ఇంకా నెలన్నర ఉందనగా అది డీలాపడింది. ఎలుకను వేసినా తినలేదు, పడగ విప్పలేదు, పొద్దంతా నీళ్ళ గిన్నెలో చుట్టుకుని పడుకునేది. తాత దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి పారేశాడు. ఒకరోజు బుట్టను నీడకు జరపమంటే జరిపాను. చూసుకుంటే నా అరచేతుల్లో ఆవగింజలకన్నా చిన్న నల్ల చుక్కలు నడుస్తున్నాయి. భయపడి మా అవ్వకు చూపించాను. అవ్వ పామును పట్టుకుని పొలుసుల సందుల్లో, కళ్ళ చుట్టూ వెతికి, దీనికి పేలు పడ్డాయి, నెత్తురంతా తాగుతున్నాయి అని తేల్చింది.

గోరువెచ్చని నీళ్ళు కుండలో పోసి, తల మాత్రం పైకి ఉండేలా పట్టుకుని పామును నానబెట్టారు. చచ్చిన పేలు నీళ్ళమీద తేలాయి. తాత సంబరపడి, పామును తుడిచి, ముద్దుగా తన బుట్టలోనే పెట్టుకున్నాడు. నాలుగు రోజులకు కథ మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ నానబెట్టారు, మళ్ళీ అదే బుట్ట. మూడోసారికి నాగు తల ఎత్తడం కూడా మానేసింది. పేలు బుట్ట సందుల్లో కాపురం పెట్టాయని, బుట్టను కాల్చాలని అవ్వ అంది. తాత ఆ రోజు రెండు పూటలూ అన్నం ముట్టలేదు. నేను మూలన కూర్చుని ఏడ్చాను, పాము కోసమో తాత కోసమో నాకే తెలియదు.

అవ్వ వాదించే మనిషి కాదు. మర్నాడు పొద్దున తాత వాగుకు స్నానానికి పోగానే పామును కొత్త కుండలోకి మార్చి, మూతికి పలచని గుడ్డ కట్టింది. తాత తలకు చుట్టుకునే రుమాల, ఉతికి ఆరేసిన మల్లెపువ్వులాంటి తెల్ల గుడ్డ, తీసి వాకిట్లో ఎండ పడే బండమీద పరిచింది. దానిమీద ఖాళీ బుట్టను పెట్టి నన్ను కాపలా ఉంచింది. తాత వచ్చి, తన రుమాలను నేలమీద చూసి, కోపంతో నోరు తెరిచాడు. అవ్వ బుట్ట ఎత్తింది. ఎండకు తాళలేక బుట్ట వదిలి అడుగు నీడకు దిగిన పేలు తెల్లటి గుడ్డమీద గుండ్రంగా, నల్లగా, లుకలుకలాడుతున్నాయి.



"బుట్ట మీ నాయినదే, నేను కాదన్ననా? గని గీ పేలు మీ నాయినవి గావు" అంది అవ్వ, మెల్లగా.

తాత బండ పక్కన గొంతుక్కూర్చుని ఆ గుడ్డను దగ్గరగా చూశాడు. తర్వాత తనే లేచి, బుట్టకు చివరిసారి కుంకుమ పెట్టి, రుమాలతో సహా నిప్పు పెట్టాడు. అది బూడిదయ్యేదాకా చేతులు జోడించే ఉన్నాడు. తాత కళ్ళలో నీళ్ళు నేను చూసింది అదే మొదలు.

ఒక్కసారితో పేలు పోవు, గుడ్లు మిగిలే ఉంటాయి. అందుకని పంచమి దాకా నాలుగు రోజులకోసారి నాగుకు స్నానం, కుండలో వేసే గుడ్డను రోజూ మరిగే నీళ్ళలో ఉడకబెట్టడం. ఆ గుడ్డ పని నాది. ఒక పొద్దున కుండ తెరిస్తే ముక్కు నుంచి తోక కొస దాకా ఎక్కడా చిరగని కుబుసం! దాన్ని చేతుల్లో పట్టుకుని ఊళ్ళో ప్రతి గడప ముందూ పరిగెత్తాను. ఆ సాయంత్రమే నాగు ఎలుకను మింగింది. పంచమినాటి ఆటలో అది పడగ విప్పి లేస్తే ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. రుమాల ఏమైందని అడిగినవాళ్ళందరికీ బోడితల తాత ఒకటే జవాబు చెప్పాడు.

"పాముకు పేలు వడితే నాకు బుద్ధొచ్చింది."

మర్నాడు గుట్ట దగ్గర కుండ వంచితే అది ఒకసారి పడగెత్తి, వెనక్కి చూడకుండా రాళ్ళలోకి పోయింది. తాత నన్ను భుజాలమీద ఎక్కించుకుని ఇంటిదాకా మోశాడు. ఊరు గెలిచి వస్తున్నట్టే ఉంది నాకు.

ఇప్పుడు నేను చౌటుప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. పోయిన చలికాలం మా మనవరాలికి ఒళ్ళంతా దురద. దవాఖానలో ఇచ్చిన మందు పూస్తే తగ్గడం, వారానికి మళ్ళీ రావడం. మూడోసారి కోడలు మందు పూస్తుంటే నా చూపు పిల్ల కప్పుకునే బొంత మీదికి పోయింది. అది మా అమ్మ తన చీరలతో కుట్టింది. అమ్మ గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. ఒక్క క్షణం తాతలాగే నాకూ చేతులు రాలేదు. తర్వాత పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి బొంతను అందులో ముంచాను. అమ్మ చీరల రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పిల్ల మాత్రం ఆ వారం నుంచి గోకకుండా నిద్రపోతోంది.