పేరు మీ నోటితో చెప్పండి

ముందు శబ్దం వినిపిస్తుంది. మూసిన తలుపు వెనక సన్నగా మొదలై, మెల్లగా పైకి లేచి, ఒకే స్వరం మీద నిలిచిపోయే హోరు. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు సెల్‌ఫోన్ల నుంచి తలెత్తుతారు. కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు, "లోపల మిక్సీ తిప్పుతున్నారా ఏంటి?" అంటారు. పాతవాళ్లు నవ్వరు. లోపల తిరుగుతున్నది మనిషి రక్తమని వాళ్లకు తెలుసు.

పది నిమిషాలకు హోరు దిగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు కనిపిస్తుంది సూదక్క, రెండు వేళ్ల మధ్య ఒక గాజు గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, అందులో చిన్న దీపమేదో వెలుగుతున్నట్టు.

ఆమెకు యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రి రక్తం వార్డులో చేసి, ఇప్పుడు ఈ చర్మం క్లినిక్‌లో నర్సుగా ఉంది. కళ్లు మూసుకుని నరం పట్టగలదు. అందుకే ఆ పేరు. డాక్టరమ్మ కూడా అలాగే పిలుస్తుంది. ఇక్కడికి వచ్చేది ముడతలు పడిన మొహాలు. చేతి నుంచి కాస్త రక్తం తీసి తిప్పితే ఎరుపంతా అడుక్కి దిగి, పైన ఎండుగడ్డి రంగు ద్రవం తేలుతుంది. గాయాన్ని మాన్పే కణాలు అందులో ఉంటాయి. దాన్ని డాక్టరమ్మ సన్నటి సూదితో మొహం నిండా చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తుంది. గాయమైందని చర్మాన్ని నమ్మించి, మళ్లీ నేసుకోమని అడగడం లాంటిది.

సూదక్కకు రెండు నియమాలున్నాయి. యంత్రంలో ఒంటరి గొట్టాన్ని ఎప్పుడూ పెట్టదు. ఎదురుగా అంతే బరువు లేకపోతే యంత్రం గడగడలాడిపోతుంది. ఆ పూట ఒక్కరే వస్తే, రెండో గొట్టంలో సరిగ్గా అంతే నీళ్లు పోసి ఎదురుగా కూర్చోబెడుతుంది.

రెండోది పేరు. "ఫలానా వారేనా?" అని ఎవరినీ అడగదు. "పేరు మీ నోటితో చెప్పండి" అంటుంది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు గొట్టం మీద రాస్తుంది. పెద్దాసుపత్రిలో ఒకసారి మగతగా ఉన్న ఒక మనిషిని ఏదో పేరు పెట్టి "మీరేగా?" అని అడిగారు. అతను తలాడించాడు. ఏ పేరు చెప్పినా ఆడించేవాడే. తర్వాత ఏమైందో ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగింది తానేనని మాత్రం చెప్పింది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. నాలుగు వీధుల అవతల అక్కా బావా ఉంటారు. అక్క ఆమెకంటే ఆరేళ్లు పెద్ద. బావ బడిలో లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. మూడేళ్లుగా మరపు జబ్బు. మొదట తాళంచెవులు పోయాయి, తర్వాత వీధులు, తర్వాత వారాలు. ఒక ఉదయం అక్క టీ కప్పు చేతికిస్తే ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"మీరెందుకు తెచ్చారు అత్తయ్యగారూ? మీ అమ్మాయి ఏది?"

అక్క అచ్చం అమ్మలా ముసలిదైంది. అవే కుంగిన బుగ్గలు, నోటి పక్క అవే రెండు గీతలు. అమ్మ పోయి పద్దెనిమిదేళ్లు. బావకు మాత్రం ఆమె రోజూ వంటగదిలోంచి నడిచొస్తోంది.

నవ్వుకునే సంగతే, అది అక్కడితో ఆగి ఉంటే. అత్తగారి ముందు చొక్కా విప్పడం ఏ అల్లుడికి చేతనవుతుంది? స్నానం మానేశాడు. బట్టలు మార్చనివ్వడు. చూసుకోవడానికి మనిషిని పెడితే, దొంగ అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. నడుము కింద పుండు మొదలైంది. చూసిన డాక్టరు, ఇంట్లో వల్ల కాకపోతే సంరక్షణ కేంద్రానికి పంపమన్నాడు. ఆ దరఖాస్తు కాగితం నెల రోజులుగా భోజనాల బల్ల మీద ఉప్పు సీసా కింద ఉంది. నెలాఖరులోగా ఇవ్వాలి.

"నేను మీ భార్యనండీ, సరిగ్గా చూడండి" అని అక్క రోజుకు పదిసార్లు చెప్పేది. చెప్పినప్పుడల్లా ఆయన గోడకు అతుక్కుపోయేవాడు.

వింత ఏమిటంటే, సూదక్క గడపలో అడుగుపెడితే చాలు, "రా మరదలా, ఇంజెక్షన్ తెచ్చావా?" అని నవ్వేవాడు. ఆమెది నాన్న పోలిక. ఎముక బలమున్న మొహం, పెద్దగా మారలేదు. పోనీ స్నానం తాను చేయిస్తానంటే, "నా భార్య చూస్తే ఏమనుకుంటుంది?" అని సిగ్గుతో ముడుచుకుపోయేవాడు.

అక్కకు ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.

"నిజం చెప్పవే చిన్నీ. క్లినిక్‌లో నువ్వూ చేయించుకుంటున్నావు కదూ?"

"నాకెందుకే అక్కా? ఎవరు చూడాలని?"

"మరి నిన్ను గుర్తుపడతాడు, నన్ను పట్టడేం? నీ మొహంలో ఉన్నదేంటి, నా మొహంలో పోయిందేంటి? నాకూ చెయ్యి. బయటి మందు కాదుగా, నా రక్తమేగా."

అది ఏం చేయగలదో, ఏం చేయలేదో సూదక్కకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మూడుసార్లు చేయించుకోవాలి, నెలలు ఆగాలి. చర్మం కాస్త తేరుకుంటుంది. పాతికేళ్ల కిందటి మొహం తిరిగి రాదు. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చింది. అక్క కళ్లు చూసి మింగేసింది. ఆమె చేసిన తప్పు అదే. డాక్టరమ్మ చెప్పింది కూడా, "అమ్మా, మరీ ఆశ పెట్టుకోకండి" అని. అక్క చెవికెక్కలేదు.

కుర్చీలో అక్క ముంజేయి వాల్చి కూర్చుంది. సూదక్క ఖాళీ గొట్టం, కలం పట్టుకుని అలవాటుగా అంది.

"పేరు మీ నోటితో చెప్పండి."

"ఓసి నీ అసాధ్యం కూలా! నా పేరు నీకు తెలీదుటే?"

"తెలుసు. అయినా చెప్పాలి."

అక్క నవ్వుతూనే నోరు తెరిచింది. పేరు సగంలో ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. ఆ టీ కప్పు ఉదయం నుంచి, ఎనిమిది నెలలుగా, ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. అదెక్కడో బీరువా అడుగున మడిచి ఉండిపోయిన బట్టలా, ముడతలతో బయటికొచ్చింది. సూదక్క రాసింది. అక్షరాలు వంకర పోయాయి. ఎదురు గొట్టంలో నీళ్లు కొలిచి పోసి, మీట నొక్కింది. ఆ హోరు ఉన్నంతసేపూ అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు ఆదివారం. సూదక్క వెళ్లేసరికి అక్క మొహం వాచి ఉంది. బుగ్గల నిండా ఎర్రటి చుక్కలు, కంటి కింద నీలం. రెండు మూడు రోజుల్లో తగ్గేదే. కానీ బావ కంగారుగా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చేతిలో తడి తువ్వాలు, నేలంతా నీళ్లు.

"చూశావా మరదలా! అత్తయ్యగారిని ఎవరో కొట్టారు. నువ్వు నర్సువై ఉండి ఏం చేస్తున్నావు?"

"ఎవరూ కొట్టలేదండీ" అంది అక్క. "మీ కోసమే చేయించుకున్నాను. నేను మీ..."

"అక్కా, ఆగు."

సూదక్కకు పెద్దాసుపత్రి మంచం మీది ఆ మగత మనిషి గుర్తొచ్చాడు. ఎనిమిది నెలలుగా తామిద్దరూ ఈ ఇంట్లో చేస్తున్నదీ అదే. ఈవిడ ఫలానా అని తామే చెప్పి, ఔననమని ఆయన్ని పీడించడం. ఆయన నయం, తలాడించలేదు.

"బావా, ఈవిడెవరో మీ నోటితో మీరే చెప్పండి."

"ఇదేం ప్రశ్న? మీ అమ్మగారు."

"సరే" అంది సూదక్క. అక్క వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆయన చెప్పిందే రాసుకోవాలక్కా. ఇంకో దారి లేదు" అంది.

కిటికీ లోంచి పడుతున్న వెలుగు బల్ల మీది ఉప్పు సీసాను దాటి, కాగితం అంచును దాటి, నేల మీది నీళ్లలోకి జారింది. తర్వాత అక్క లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి వేసుకుంది, అమ్మ వేసుకునేలా. గొంతులోకి అమ్మ కరకుదనం ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఏం అల్లుడుగారూ! మా అమ్మాయి వచ్చే వేళైంది. ఈ మాసిన బట్టలతోనా ఎదురెళ్లడం? మా చిన్నది నర్సు, దానికి ఇవన్నీ అలవాటే. నేను చెబుతున్నాగా, వెళ్లి స్నానం కానివ్వండి. నేను అవతలి గదిలో ఉంటాను."

"అయ్యో, మీరు చెప్పాక కాదంటానా అత్తయ్యగారూ" అని ఆయన బుద్ధిగా మరదలి వెంట నడిచాడు. గుండీలు తనే విప్పుకున్నాడు. నీళ్లు పడుతుంటే పసివాడిలా కళ్లు గట్టిగా మూసుకుని, "మీ అక్కకి చెప్పకు, సబ్బు మంటకి ఏడ్చానని" అన్నాడు.

చెప్పనంది. గోడ అవతల నిలబడ్డ అక్కకు అంతా వినిపిస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి సూదక్క పనికి వెళ్లే ముందు ఆ ఇంటికి వెళ్లి వస్తోంది. పుండు మానింది. కాగితం ఉప్పు సీసా కింద నుంచి సొరుగులోకి వెళ్లింది, చిరిగిపోలేదు. సాయంత్రాలు బావ శుభ్రమైన చొక్కాతో గుమ్మంలో కూర్చుంటాడు. "మీ అమ్మాయి ఇంకా రాలేదేం అత్తయ్యగారూ?" అంటాడు. పక్కనే కూర్చున్న అక్క, "వస్తుంది బాబూ, దారిలో ఉంది" అంటుంది. ఇద్దరూ వీధి చివరికి చూస్తారు.

నెల తిరిగాక రెండో ఇంజెక్షన్ రోజు వచ్చింది. అక్క చెప్పిన వేళకే వచ్చి కుర్చీలో కూర్చుంది, చెయ్యి వాల్చింది.

"పేరు మీ నోటితో చెప్పండి."

అక్క అమ్మ పేరు చెప్పింది. చెప్పి, పెదవి బిగబట్టి నవ్వింది.

సూదక్క కలం మూత పెట్టేసింది. "ఆ పేరు మీద నేను రక్తం తియ్యను. లే, టీ తాగుదాం పద."

ఆ పూట ఇంకెవరూ రాలేదు. యంత్రం తిరగలేదు. ఆమె ముందే కొలిచి పెట్టుకున్న నీళ్ల గొట్టం మాత్రం స్టాండులో ఒక్కటే, ఎదురుగా ఏమీ లేకుండా, సాయంత్రం దాకా నిలబడి ఉంది.

ఇదంతా సూదక్క నాకు చెప్పింది యంత్రం ఉన్న ఆ గదిలోనే, చేతికి తొడుగులు వేసుకుంటూ. బయట ఎవరో వచ్చారు. లేచి తలుపు దాకా వచ్చి, గుర్తొచ్చినట్టు ఆగింది.

"రాసుకుంటే రాసుకోండి. అక్క పేరు మాత్రం నన్నడగొద్దు. ఏ రోజైనా బావ అడిగితే, అది అక్కే తన నోటితో చెప్పాలి."