రామలక్ష్మమ్మ వేళ్ళు, సామ్యేలు సెట్టింగులు

ఉదయగిరి తాసిల్దారు ఆఫీసుకు ఎదురుగా ఉండే రేకుల కొట్లో రామలక్ష్మమ్మ ముప్పై ఏళ్ళుగా అర్జీలు టైపు కొడతా ఉంది. మీటల వైపు చూడదు, చెప్పేవాళ్ళ మొహం చూస్తుంది. వాళ్ళు ఏడుపు ఆపి ముక్కు తుడుచుకునేసరికి కాగితం తయారు. సీతారామపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు సైతం "ఆయమ్మ కొడితే సారు చదువుతాడు" అని ఆమెనే వెతుక్కుంటారు. మొగుడు పోయినాక ఆమెను నిలబెట్టింది ఆ పది వేళ్ళే.

ఆ వేళ్ళు పని నేర్చింది పాత తెలుగు టైపుమిషను మీద. అది అరిగిపోయి, రిబ్బన్లు దొరక్క మూలపడితే, ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే సామ్యేలు ఎవరో పారేసిన పాత కంప్యూటరు తెచ్చిపెట్టాడు.

"దీనికి ఆయాసం ఎక్కువమ్మా. విండోస్ ఎక్కిస్తే లేవదు. దాని బదులు లైనక్స్ ఏసి, పైన తేలికపాటి డెస్క్‌టాప్ తెర పెట్టినాను," అన్నాడు.

తెరమీద బొమ్మల్లేవు, హంగుల్లేవు. కడిగిన పలకలాగా ఉండేది. ఒక మీట నొక్కితే కాగితం తెరుచుకుంటుంది, ఇంకోటి నొక్కితే ప్రింటు వస్తుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, మూడు ఆదివారాలు చర్చి అయినాక వచ్చి కూర్చుని, టైపుమిషను మీద ఏ అక్షరం ఎక్కడుండేదో ఈ కీబోర్డు మీదా అక్కడే వచ్చేట్టు చేశాడు. అట్లాంటి అమరిక చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు.

"ఏమేం చేసినావో నోటుబుక్కులో రాసిపెట్టన్నా," అని ఆమె చాలాసార్లు అడిగింది.

"నేను యాడికి పోతానమ్మా. ఫోన్ చేస్తే చెప్తా గదా. రాసిస్తే నన్ను మర్చిపోతావు," అని నవ్వేవాడు.

ఆమె కూడా గట్టిగా పట్టుకోలేదు. ఫోనులో చెప్పింది చెప్పినట్టు చేసేది, ఆ సాయంత్రానికే మరిచిపోయేది. శ్రావణంలో సామ్యేలుకు పక్షవాతం వచ్చి మాటా కుడిచెయ్యీ పడిపోయాయి. పండ్లు తీసుకుని పోయి చూసొచ్చింది. అప్పుడు మిషను సంగతి ఆమెకు తలపుకే రాలేదు.

ఆ తర్వాత తెరమీద ఒక చిన్న పెట్టె రావడం మొదలైంది. అప్‌డేట్లు వచ్చినాయి, వేసుకోమంటావా అని రోజూ అడగడం, ఆమె రోజూ మూసెయ్యడం. కొత్తది వేసుకునేదానికి మంచిరోజు చూడొద్దా మరి? దసరాకు ఆయుధపూజ చేసి, మిషనుకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, దుర్ముహూర్తం దాటినాక చేతులు జోడించి, సరే అని నొక్కింది.

గంటసేపు ఏవో లైన్లు పరుగెత్తాయి. ఆపి మళ్ళీ వేస్తే, కాగితం తెరిచే మీట పలకలేదు, ప్రింటు మీటా పలకలేదు. ఎట్నో తిప్పలుపడి కాగితం తెరిచి 'అయ్యా' అని కొడితే ఇంగ్లీషు ముక్కలు పడ్డాయి. సామ్యేలు పెట్టిన అమరిక మీద కొత్తవి వచ్చి పడి అది చెరిగిపోయింది.

మొబైల్ షాపు అంకారావు వచ్చి చూశాడు.

"దీంట్లో ఏముండాదో చేసినాయనకే తెలియాల. ఎందుకు పెద్దమ్మా ఈ తిప్పలు, నోటితో చెప్తే ఫోనే రాసిస్తాది."

"అయితే ఇంక నేనెందుకు నాయనా?" అంది. 

ఉన్న కీబోర్డే కొత్తగా నేర్చుకుందామని రెండు వారాలు చూసింది. ఒక్కో అక్షరం వెతికేలోపు వచ్చినవాళ్ళు లేచి పక్క నెట్ సెంటరుకు పోతున్నారు. ఆ అమరిక దొరక్కపోతే కొట్టు మూసుకోవడమే.

మిషనును బియ్యం గోతాంలో పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది.

"చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చినావే," అంది సామ్యేలు భార్య లిదియమ్మ.

మిషనును చూడగానే సామ్యేలు మొహం వెలిగింది. ఇంట్లో ఉన్న తెరకు తగిలించి మంచం దగ్గర పెట్టారు. ఎడమచేత్తో, మిషనుకు ఆజ్ఞలిచ్చే నల్ల తెర తెరిచి ఒక మాట కొట్టాడు. మిషను కాదంది. మళ్ళీ కొట్టాడు, అదే మాట. మూడోసారీ అదే. తన చేతిని తనే కాసేపు చూసుకుని దుప్పట్లోకి లాక్కున్నాడు.

"రాయను రాయను అనేవాడు గానీ రాసుకునేవాడు. ఉండు," అని లిదియమ్మ పెట్టెలోంచి నోటుబుక్కు తీసింది. రామలక్ష్మమ్మ దగ్గరికి జరిగి చూసింది. ఆమె పేరుతో పేజీ ఉంది. 'ఉదయగిరి రామలక్ష్మమ్మ మిషను: కలువాయి మాదిరే. అక్షరాలు మాత్రం వేరు.' కలువాయి ఊళ్ళో ఎవరికో చేసిన మిషను పేజీ తిప్పారు. 'వరికుంటపాడు మాదిరే.' వరికుంటపాడు పేజీలో ఒకటే మాట. 'మామూలే.'

"మామూలంటే ఏంది వదినా?"

"ఆయనకే తెలియాల. నీకు నువ్వే ఉత్తరం రాసుకున్నావా పెద్దమనిషీ?" అని లిదియమ్మ మొగుణ్ణి అడిగింది. సామ్యేలు కళ్ళు మూసుకున్నాడు.

లిదియమ్మ రామలక్ష్మమ్మ వైపు తిరిగింది. "అక్షరాలు యాడెక్కడుండాలో నువ్వన్నా రాసియ్యి. రేపు ఎవరన్నా చదువుకున్నోడు చూసి పెడతాడు."

రామలక్ష్మమ్మ రాయడానికి కూర్చుంది. పద్నాలుగు అక్షరాలు రాసింది. 'ణ' దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళు కొట్టిన అక్షరం, ఏ మీటో తెలియలేదు.

"ఊరికే అడిగితే రావు వదినా. అర్జీ చెప్తే వస్తాయేమో."

మిషను ఆపేసి, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏ అక్షరానికి ఏ మీట నొక్కుతుందో రాసుకునేదానికి లిదియమ్మ కలం పట్టుకుని పక్కన కూర్చుని మొగుడి పింఛనుకు అర్జీ చెప్పింది. వేళ్ళు ఎక్కడా తడబడకుండా పరుగెత్తాయి.

"నిదానంగా కొట్టు, నాకు అందడంల్యా."

నిదానించగానే వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టారు. బిరబిరా కొడితే లిదియమ్మకు అందవు, నిదానంగా కొడితే ఆమెకు రావు. మూడుసార్లు అర్జీ చెప్పడం అయింది. కాగితం పద్నాలుగు దగ్గరే ఉంది.

ఉదయగిరి బస్సుకు టైమైందని లిదియమ్మ గుర్తుచేసింది. పోయి కొట్టు తెరవాల్సిన తొందరేమీ లేదు గనక, రామలక్ష్మమ్మ ఆ బస్సు పోనిచ్చి అక్కడే కూర్చుంది.