పొట్టు సెగకు కరెంటు

మా పెదనాన్నకు తెలియని సంగతంటూ భూమ్మీద లేదు, ఆయన లెక్కలో. నిడుగల్లు దగ్గర మా ఊళ్ళో శెనక్కాయ పంట ఏటికేడు ఎండిపోతున్న కాలంలో, సబ్సిడీ కింద మా మిద్దె మీదికి సోలార్ పలక ఒకటి వచ్చింది. దాంతో వెలిగే ఒక్క లైటు ఆయన నడవలో ఉండేది. పావగడలో పీయూసీ చదివే నేను ఆ వెలుగులోనే పుస్తకం తెరవాలి.

పరీక్షల ముందు మొగులు కమ్మింది. చుక్క రాలదు, పాడు మొగులు! లైటు మినుకుమని ఆరిపోయింది. మిద్దెక్కి చూస్తే, పెదనాన్న ఇనుప బాణలిలో శెనక్కాయ పొట్టు రాజేసి పలక కిందికి తోస్తున్నాడు.

"ఏంది పెద్నాయనా ఇది?"

"తప్పెటకు సెగ చూపిస్తే మోగుతాదా లేదా? ఇదీ అంతే. ఎండంటే ఏంది? వేడే కదా!"

సోలార్ పలక పాఠం నాకు కాలేజీలో అప్పటికే అయింది. పలకలోని సిలికాన్‌లో ఎలక్ట్రాన్ తన చోటికి అతుక్కుని ఉంటుంది. అది ఊడి రావాలంటే ఒక్క దెబ్బలో ఒకటీ చిల్లర ఎలక్ట్రాన్ వోల్టు శక్తి తగలాలి. అది ఊడితే అక్కడొక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్, ఖాళీ జంటగా పుడితేనే కరెంటు. ఎండ వెలుగులోని కణానికి ఆ సత్తువ ఉంది, పొట్టు సెగకు లేదు. చాలని దెబ్బలు లక్ష తగిలినా ఎలక్ట్రాన్ కదలదు.

"సెగకు కరెంటు రాదు పెద్నాయనా. పలక కాలిపోతాది, తీసెయ్."

"నాలుగచ్చరాలు నేర్సుకోని నాకే చెప్పొచ్చినావా? నోర్మూసుకోని దిగు!"

కిందికి పోయి నాన్నకు చెప్పాను. అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమేమ్మా. అన్నకు ఎవురు చెప్తారు?" అని మజ్జిగ తాగాడు.

అంతలో పైన ఠప్పుమంది. అద్దం చిట్లింది, వెనక ప్లాస్టిక్ బొబ్బలెక్కి కంపు కొట్టింది.

పెదనాన్న దిగొచ్చి అందరి ముందూ అరిచాడు. "ఆడపిల్ల అడ్డం మాట్లాడింది, అందుకే పాడైపాయ. లైటే లేదు, ఇంగ సదువేంది? రేపట్నుంచి బస్సెక్కొద్దు!"

నేను నాన్న వైపు చూశాను.

"అన్న చెప్పినట్లే కానియ్," అన్నాడు నాన్న. నా చదువు అక్కడితో ఆగింది.

పెదనాన్న మూర్ఖుడు, నమ్మిందే అన్నాడు. ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది. నాన్నకు నిజం తెలుసు. ఏళ్ళ తర్వాత నన్ను పావగడలో బస్సెక్కించడానికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "ఆ పొద్దు నేనొక మాట అనుంటే బాగుండు," అన్నాడు.

"అనలేదు గదా నాయనా," అన్నాను.