పదకొండో చేను

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. కానీ దీన్ని ఎవరికో ఒకరికి మొదటినుంచి చివరిదాకా చెప్పకపోతే ఇక ఏ పనీ నా చేత సరిగ్గా జరగదనిపిస్తోంది. తీర్పు చెప్పమని అడగను. వినండి, చాలు.

నాది చిత్తూరు. మా నాయనకు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉండేది. నేను గణితం చదివి, తిరుపతిలో ఒక పరిశోధన బృందంలో చేరాను. అందులో అన్ని రకాలవాళ్ళమూ ఉండేవాళ్ళం. వైరస్‌ల గురించి చదివినవాళ్ళు, పరికరాలు తయారుచేసే ఇంజనీర్లు, సమాచారం ఎక్కించడానికి యాప్ రాసేవాళ్ళు, సమీకరణాలు రాసే నేను. అందరం వెతుకుతున్నది ఒక్కటే. టమేటాకు ఆకుముడత ఎప్పుడు వస్తుందో ముందుగానే చెప్పగలమా?

ఆకుముడత అంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆకులు ముడుచుకుపోతాయి, మొక్క గిడసబారుతుంది, పూత రాలిపోతుంది. ఒకసారి పట్టిందంటే మందు లేదు. పలమనేరు వైపు పదకొండు చేలు ఎంచుకుని వాటిలో పసుపు రంగు జిగురు అట్టలు కట్టాం. ఒక్కో చేనుకు ఒక్కొక్కరిని పెట్టాం. వాళ్ళు వారం వారం అట్టలకు అంటుకున్న దోమలనూ, ముడత పడిన మొక్కలనూ లెక్కపెట్టి ఫోనులో ఎక్కించాలి. దోమలు ఇన్ని ఉంటే మూడు వారాలకు ముడత ఇంత అని నా సమీకరణం చెప్పాలి.

చెప్పింది కూడా. ఆ సంతోషం మీకెలా చెప్పను? తిరుపతిలో కూర్చుని నేను గీసిన గీత వెంబడే పలమనేరులో మొక్కలు నడుస్తున్నట్టుండేది. పది చేలు నడిచాయి. పదకొండోది నడవలేదు.

ఆ చేను లెక్కలు పంపేది రూతమ్మ. అప్పటికే నలభై దాటిన మనిషి. పదో తరగతి దాకా చదువుకుని, కూలికి పోతూ, ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా రాసిపెట్టేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆమే. ఆమె రాసిందంటే ఊరు నమ్మేది.

ఆమె లెక్కలు మాత్రం నాకు మింగుడుపడలేదు. దోమలు విపరీతం, ముడత సున్నా. మరుసటి వారం దోమలు ఇంకా ఎక్కువ, ముడత మళ్ళీ సున్నా. ఆ పై వారం రెండంటే రెండు మొక్కలు. మా ప్రొఫెసర్ ఆ అంకెలు చూసి, ఆమె చేనులోకి పోకుండానే ఇంట్లో కూర్చుని రాస్తోందేమో వెళ్ళి చూసి రమ్మన్నారు. మా పరిశోధన పత్రం పత్రికకు పంపడానికి అప్పటికి వారమే గడువుంది.

వెళ్ళాను. రూతమ్మ గట్టు మీద చెప్పులు విడిచి ముందు నడిచింది. ఆమె ఒక సాలు, నేనొక సాలు పట్టుకుని మొక్కమొక్కకూ ఆగి లెక్కపెట్టాం. పూటంతా పట్టింది. అట్టల మీద దోమలు పిండి చల్లినట్టున్నాయి. మొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. చేను మొత్తంలో ముడత పడినవి రెండే.

పొద్దున ‘మేడమ్’ అన్న మనిషి మధ్యాహ్నానికి ‘పాపా’ అంటోంది.

“చూసినావు కదా పాపా, నేనేమీ ఉత్తగా రాయలేదు. ఒకటి అడగతా చెప్పు. ఈ దోమ, ఆ దోమ ఒకటేనంటావా?”

“ఏ దోమక్కా?”

“వంక అవతల మా చిన్నమ్మోళ్ళ చేను ఉండాది. ఆడ దోమ చిగురు మిందనే వాల్తాది. ఆడంతా ముడత వచ్చేసినాది. ఈడ దోమ అడుగాకుల్లోనే ఉంటాది, చిగురు జోలికి పోదు. పొద్దున్నే వచ్చి ఆకులు తిప్పి చూస్తా ఉండా. ఎందుకంటావు?”

ఎవరూ చెప్పకుండానే ఆమె కొన్ని మొక్కలకు పాత చీర పేలికలు కట్టి గుర్తు పెట్టుకుంది. ఏ ఆకు మీద ఎన్ని దోమలున్నాయో రోజూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. మా యాప్‌లో గడులు రెండే. ఒకటి దోమలకు, ఒకటి ముడతకు. ఆమె చూసినదానికి గడి లేదు.

“తెలీదక్కా. కనుక్కుని చెప్తా,” అన్నాను.

అన్నప్పుడు నిజంగానే అన్నాను. మొగిలి ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ బస్సులో నా తలనిండా ఆ దోమలే. చిగురు వదిలేసి ముదురాకుల కింద ఎందుకు ఉంటాయి? ఆ చేనులో ఏముంది? నారు వేరా? నీళ్ళు వేరా? బంగారుపాళ్యం దాటాక గడువు గుర్తొచ్చింది. చిత్తూరు బస్టాండులో ఒక కాగితం తీసి, ఆ చేనును కూడా కలిపి మళ్ళీ లెక్క వేసి చూశాను. గీత నిలబడలేదు. తిరుపతి చేరేసరికి వాక్యం తయారైంది.

“సార్, ఆమె చేనులోకి పోకుండా రాసినట్టే ఉంది.”

ఆయన తల ఊపారు. ఆయన అనుమానమే నేను తిరిగి ఆయన చేతిలో పెట్టాను, ఇంకేం అడుగుతారు? పరిశీలకురాలి పొరపాట్ల వల్ల ఒక చేనును వదిలేశామని పత్రం అడుగున చిన్న అక్షరాల్లో రాశాం. పత్రం అచ్చయింది. మెచ్చుకున్నారు. నా ఉద్యోగానికి అదే దారి వేసింది.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ఎందుకు చేశావు? గడువన్నది సాకు. ఇంకో నెల కావాలంటే దొరికేదే. ప్రొఫెసర్‌కు భయపడ్డానా? అదీ కాదు. తెలియనిది ఎదురైతే దాని వెంటపడే మనిషినని నన్ను గురించి నేను గొప్పగా అనుకునేదాన్ని. అది ఎదురైన రోజున, నా గీత నాకు దక్కకుండా పోతుందేమోనని, దాన్ని తొక్కి పూడ్చి పైన నిలబడ్డాను. అంతకంటే మర్యాదైన మాట వెతికాను. దొరకలేదు.

రూతమ్మ ఫోనులో యాప్ ఆగిపోయింది. ఎందుకని ఊళ్ళోవాళ్ళు అడిగితే మా బృందంలో ఒకతను కారణం చెప్పేశాడు. ఆ తర్వాత ఊళ్ళో పంటల వివరాలు రాసే పనికి మనిషి కావాల్సి వస్తే ఆమె పేరు ఎవరూ చెప్పలేదట. అర్జీలకు కూడా ఇంకొకరి దగ్గరికి పోయారట. ఇదంతా నాకు అప్పుడే తెలిసింది. విని, తెలియనట్టు ఊరుకున్నాను. అబద్ధం ఒక్క వాక్యమేనని ఇందాక అన్నాను కదా. అదీ నిజం కాదు. ఊరుకున్న ప్రతిరోజూ చెప్పాను.

ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కిందటేడు భోజనాల వేళ, వైరస్‌ల మీద పనిచేసే ఒక స్నేహితురాలు మాటల మధ్యలో అంది, తెల్లదోమలన్నీ ఒకటి కావని, కంటికి ఒకేలా కనిపించినా వాటిలో రకాలున్నాయని, అన్నీ వైరస్‌ను ఒకే తీరుగా మోయవని. ఆమెకది మామూలు సంగతి. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ‘ఈ దోమ, ఆ దోమ ఒకటేనంటావా’ అని రూతమ్మ నన్ను అడిగింది.

అయినా వెళ్ళడానికి ఇంకో ఏడాది పట్టింది నాకు.

పోయిన నెల వెళ్ళాను. ఆ చేనులో ఇప్పుడు మల్బరీ వేశారు. పక్కనే రేకుల షెడ్డులో ఆడవాళ్ళు టమేటాలు ఏరుతున్నారు. వాళ్ళలో ఉంది రూతమ్మ. ఆమెను బయటికి పిలిచి, నిలబడే అంతా చెప్పాను. చూశానని, నిజమని తెలుసునని, తెలిసే ఆ మాట అన్నానని. మధ్యలో ఆపకుండా విన్నది. నోటుపుస్తకం ఉందా అని అడిగాను. సిగ్గులేకుండా అదీ అడిగాను.

“నీళ్ళు కాగబెట్టను పొయ్యిలోకి వేసేసినా,” అంది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ, “ఇదంతా నాకెందుకు చెప్తుండావు? నేను రాసింది నిజమని నాకు తెలుసు. నువ్వు లెక్కబెట్టి పోయినావు గదా, నీకు తెలుసునని కూడా తెలుసు. తెలీంది ఆళ్ళకు. పోయి ఆళ్ళకు చెప్పు,” అని షెడ్డు వైపు చూపించింది.

వందలమంది ముందు మాట్లాడేదాన్ని. ఆ ఎనిమిదిమంది ముందు రెండే వాక్యాలు వచ్చాయి. “రూతమ్మక్క పంపిన లెక్కలు నిజం. అబద్ధం చెప్పింది నేను,” అన్నాను. ఏరుతున్న చేతులు ఆగాయి.

“అయ్యో, ఆ మాట పట్టుకునే గదా ఈమెను వద్దంటిమి,” అంది ఒక పెద్దామె.

రూతమ్మ తన చోటికి పోయి కూర్చుని పండ్లు ఏరడం మొదలుపెట్టింది. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది.

పత్రం అచ్చువేసినవాళ్ళకు జరిగింది రాసి పంపాను. ప్రొఫెసర్‌కూ రాశాను. ఇంతవరకు జవాబు లేదు. వస్తే ఏం వస్తుందో తెలియదు. ఉద్యోగం పోవచ్చు. మీ ముందు పేరు దాచుకున్నాను కానీ వాళ్ళకు పేరుతోనే రాశాను.

ఒకటి మాత్రం మారింది. ఇన్నేళ్ళూ ఆ చేను గురించి ఆలోచన వస్తే పక్కకు తోసేసేదాన్ని. ప్రశ్న దాకా పోవాలంటే అబద్ధం మీదుగా పోవాలి. ఇప్పుడు పోగలుగుతున్నాను. దోమల్లోనే తేడా ఉండొచ్చు, నారులో ఉండొచ్చు, మాకెవరికీ తట్టనిది ఇంకేదైనా కావచ్చు. ఆ మొక్కలు లేవు, ఆ పుస్తకం లేదు. ఇక ఎప్పటికీ తేలకపోవచ్చు. నా వల్లనే తేలకపోవచ్చు. నాకు తెలియదు. ఈ మాట ఆ రోజు సార్ ముందు నిలబడి అనగలిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు అంటున్నాను.