నాగమణి దిగని రోజు

మా చిన్నప్పుడు సైకిలు తొక్కడం ఎవరో ఒకరు పట్టుకొని నేర్పేవారు... ఎక్కడ దిగాలో మాత్రం ఎవరూ నేర్పకుండానే తెలిసిపోయేది.

దివిసీమలో సముద్రానికి దగ్గర్లో మా ఊరు. పేరు రాయను. వీధికి మాది మొదటి ఇల్లు. పొద్దున ఎనిమిదింటికల్లా నాగమణి పల్లెపాలెం నుంచి మైలున్నర నడిచి మా గుమ్మం ముందుకు వచ్చేది. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. మేమిద్దరం పదో తరగతి. హైస్కూలు నాలుగు మైళ్లు. సైకిలు నాది... తొక్కేది నాగమణి.

ఎందుకంటే వీధి దాటితే కాలవగట్టే దారి. గట్టంతా ఎర్ర గ్రావెలు. బళ్ల చక్రాలకు గాళ్లు పడి, మధ్యలో రాళ్లు లేచి ఉండేవి. ఆ రాళ్ల మీద నా చేతిలో హ్యాండిల్ నిలిచేది కాదు. నాగమణి పరికిణీ నడుముకు దోపుకొని, గాడి పక్కన జానెడు మెత్తటి అంచు చూసుకొని పోనిచ్చేది.

"కుదురుగా కూర్చోవే... నీకంటే బియ్యం బస్తా నయం, కదలకుండా ఉంటది" అనేది.

వీధిలో మాత్రం తను తొక్కకూడదు. పల్లెపాలెం వాళ్లు ఎవరైనా సరే, మా వీధిలో సైకిలు దిగి నడవాలి. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చొని ఉంటారు కదా... ఇది ఎక్కడా రాసిపెట్టింది కాదు. మా గుమ్మం నుంచి వీధి చివర తూము దాకా మూడు వందల నలభై అడుగులు. నేను లెక్కపెట్టాను. అంతదూరం నేను సైకిలు నడిపిస్తుంటే తను పక్కన నడిచేది. తూము దగ్గర సైకిలు అందుకొని ఎక్కేది. అందులో తప్పు ఉందని నాకు అప్పుడు తోచలేదు.

పబ్లిక్ పరీక్షలు వచ్చాయి. ఆరు పేపర్లు. నాలుగోది లెక్కలు. రెండు పెన్నులు, స్కేలు, జామెట్రీ బాక్సు... అన్నీ చూసుకొనే బయల్దేరాను. సగం గట్టు దాటాక గుర్తొచ్చింది. హాల్ టికెట్ దేవుడి ముందు పెట్టి తీసుకోమంది నాన్నమ్మ. దణ్ణం పెట్టాను... టికెట్ తీసుకోలేదు.

నాగమణి బ్రేకు వేసింది. సైకిలు వెనక్కి తిప్పింది. తూము దగ్గరకు రాగానే అలవాటుగా కాలు కింద పెట్టబోయింది.

"దిగొద్దే! టైమైపోతోంది, పోనీ!" అన్నాను.

"అరుగుల మీద జనం ఉన్నారే."

"నేనున్నాగా... నేను చెప్తాలే. పోనీ!"

పోనిచ్చింది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. అరుగుల మీద మాటలు ఆగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. రెండు నిమిషాల్లో గంట కొడతారనగా హాల్లో కూర్చున్నాం.

సాయంత్రం నలుగురు పెద్దలు మా ఇంటికి వచ్చారు. నాన్నగారు నన్ను పిలిచారు. వరసకు పెదనాన్న అయ్యే ఆయన అడిగాడు.

"ఏమ్మా, ఆ పాలెం పిల్ల మా మీసాల ముందు నుంచి బెల్లు కొట్టుకుంటా పోతంటే నువ్వు మారాణీలాగ వెనకాల కూచున్నావా? దిగమని చెప్పలేకపోయావూ?"

దిగొద్దన్నది నేనేనని నోటి దాకా వచ్చింది. నాన్నగారి ముఖం చూశాను.

"చెప్పానండీ... అదే వినలేదు."

మూడే మాటలు.

చీకటి పడకముందే పల్లెపాలేనికి కబురు వెళ్లింది... ఆ పిల్ల మళ్లీ వీధిలో కనబడితే పాలెం నుంచి ఒక్క చేపల గంప కూడా ఊళ్లోకి రాకూడదని. స్కూలుకు మా వీధి తప్ప దారి లేదు. అటుపక్క మురుగుకాలవ, పోటు వస్తే నడుము లోతు.

ఐదో పేపరు రోజున, మురుగుకాలవ దాటైనా వస్తుందేమోనని తూము దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాను. రాలేదు. నాలుగు మైళ్లూ సైకిలు నడిపించుకుంటూ వెళ్లాను. పది నిమిషాలు ఆలస్యం. నా ముందు బల్ల ఖాళీ... ఆరో పేపరు నాడూ ఖాళీ.

నేను ఫస్టు క్లాసులో ప్యాసయ్యాను. బందరు కాలేజీలో చదివాను. గుడివాడలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాను. అబద్ధం చెప్పిన పిల్లల్ని పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టాను.

చేపలు అమ్ముకోవడానికైతే రావచ్చని పెద్దలు ఒప్పుకున్నాక, నాగమణి మరుసటి ఏడాది గంప నెత్తిన పెట్టుకొని మా గుమ్మం ముందుకు వచ్చింది.

"చేపలు కావాలా అమ్మాయిగారూ?"

కోపం లేదు, వెక్కిరింపు లేదు. మిగతా గుమ్మాల ముందు ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. నన్ను 'ఒసే' అని పిలిచే మనిషి ఊరు మొత్తం మీద అదొక్కతే ఉండేది... ఆ రోజుతో ఆ పిలుపూ పోయింది. తర్వాత ఎన్నోసార్లు ఎదురుపడ్డాం. నిజం చెప్పడానికి ఒక్కసారి చాలు. చెప్పలేదు. నాలుగేళ్ల క్రితం పోయిందని తెలిసింది.

మొన్న ఆదివారం మా మనవరాలు తన సైకిలు గ్రూపుతో బందరులో బయల్దేరి, అవనిగడ్డ మీదుగా, గ్రావెల్ గట్లు పట్టుకొని పాలకాయతిప్ప దాకా వెళ్లి వచ్చింది. లావు టైర్ల సైకిళ్లు, హెల్మెట్లు... ఇంటికి రాగానే ఫోనులో మ్యాపు చూపించింది.

"అమ్మమ్మా, మీ ఊరి వీధి కూడా తగిలింది చూడు. ఆ గట్టు మీద తొక్కుతుంటే ఎంత బాగుందో! నీ చిన్నప్పటి కబుర్లు రాయవా, మా గ్రూపులో పెడతాను."

నీలం గీత మా వీధి మీదుగా సాగిపోయి ఉంది.

"వీధిలో ఎవరూ ఆపలేదా?" అని అడిగాను.

"ఎందుకు ఆపుతారు? అరుగుల మీద తాతలు టాటా కూడా చెప్పారు."

టాటా చెప్పారట...

కాలం మారింది, సంతోషం అని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఆ చివరి రెండు పేపర్లకు ముందే మారి ఉంటే నాగమణికి సరిపోయేది.

మీ ఊరి సైకిలు కబుర్లు కూడా కింద రాయండి. తొక్కినవాళ్ల గురించే కాదు... దిగి నడిచినవాళ్ల పేర్లు కూడా రాయండి. మొదటి పేరు నేను రాస్తున్నాను.

నాగమణి. దానిని ఆ రోజు దిగొద్దన్నది నేనే.